బొమ్మ పేరు తెలుసు, చేసినవారి పేరో?



మన క్వార్టర్సులో ఏ ఇంటికి వెళ్లినా హాల్లో ఒక అద్దాల బీరువా ఉంటుంది. అందులో కొండపల్లి అంబారీ ఏనుగు, చన్నపట్న చెక్క గుర్రం, జైపూర్ నీలి గిన్నె, అస్సాం జాపి, బస్తర్ ఇత్తడి బొమ్మ వరసగా నిలబడి ఉంటాయి. ఆ ఇంట్లోవాళ్లకు ఎక్కడెక్కడ పోస్టింగు పడిందో ఆ బీరువా చూసి చెప్పేయవచ్చు. "మీ సొంత ఊరు ఏది?" అని ఎవరైనా అడిగితే జవాబు కోసం తడుముకునే మనకు, ఆ బీరువాయే సగం సొంత ఊరు.

అందులోని వస్తువుల పేర్లు మీరు గడగడా చెబుతారు. ఏ ఊళ్లో కొన్నారో కూడా చెబుతారు. "ఇది చేసింది ఎవరు?" అని అడిగితే మాత్రం ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. పుస్తకం అట్ట మీద రచయిత పేరు ఉంటుంది. సినిమా చివర లైట్లు పట్టుకున్నవారి పేరు కూడా వేస్తారు. చేతితో చేసిన బొమ్మకు మాత్రం ఊరి పేరు తప్ప మనిషి పేరు ఉండదు. చేతివృత్తులంటే మనకు చాలా గౌరవమని వ్యాసాల్లో రాస్తాం, వక్తృత్వ పోటీల్లో చెబుతాం. ఆ పని చేసే మనిషిని మాత్రం తెలుసుకోం. ఇది సరికాదని మన అభిప్రాయం. దీన్ని మార్చే అవకాశం అందరికంటే ఎక్కువగా ఉన్నది ఊరూరా తిరిగే మనకే. అది ఎలాగో చెప్పుకుందాం.

ముందుగా ఒక అపోహ తీసేయాలి. చేతిపని అంటే చదువు అబ్బనివాళ్లు చేసే పని అని చాలామంది మనసులో అనుకుంటారు, పైకి అనరు. లెక్కలు తెలియాలంటే బడికి, చేతులు కదలాలంటే పనికి అని రెండు గదులు కట్టేశాం. ఆ గోడ ఎంత బలహీనమైనదో శ్రీకాళహస్తి కలంకారీ దగ్గర కాసేపు నిలబడితే తెలుస్తుంది.

కలంకారీ వేసేవారు ముందుగా నూలు గుడ్డను కరక్కాయ పొడి, గేదెపాలు కలిపిన నీటిలో ముంచి ఆరబెడతారు. పాలలోని కొవ్వు వల్ల రంగు పక్కకు పాకదు. కరక్కాయలో వగరు ఉంటుంది. నల్లరంగు కోసం తుప్పు పట్టిన ఇనుప ముక్కలను బెల్లం నీళ్లలో వేసి రోజుల తరబడి పులియబెడతారు. వెదురుపుల్లకు ఉన్ని చుట్టి, దారంతో బిగించి, ఆ నీటిలో ముంచి గీస్తారు. అదే కలం. ఇనుపనీరు కరక్కాయ వగరును తాకగానే గీత నల్లబడుతుంది. ఇక ఎరుపు సంగతి ఇంకా తమాషాగా ఉంటుంది. ఎర్రగా కావలసిన చోట పటికనీళ్లు అద్దుతారు. తరువాత గుడ్డ మొత్తాన్ని ఎర్రరంగునిచ్చే వేర్లు, చెక్కలతో కలిపి ఉడికిస్తారు. రంగు పటిక ఉన్నచోటే పట్టుకుంటుంది. మిగిలినచోట ఉతికితే పోతుంది. అంటే కళాకారుడు రంగు వేయడం లేదు, రంగు ఎక్కడ నిలవాలో ముందే గుడ్డకు చెప్పి ఉంచుతున్నాడు. ఇది రసాయనశాస్త్రం కాక మరేమిటి? మీ ప్రయోగశాలలో పరీక్షనాళికలో చేసేదాన్ని వాళ్లు ఆరుగజాల గుడ్డ మీద, ఏటి ఒడ్డున చేస్తున్నారు.

బీదరులో బిద్రీ పని చూడండి. బీదరు ఇప్పుడు కర్ణాటకలో ఉంది. 1956 వరకు హైదరాబాదు రాష్ట్రంలో ఉండేది. అక్కడి పనివారు జింకు, కాస్త రాగి కలిపి పాత్ర పోతపోస్తారు. దాని మీద ఉలితో సన్నటి గాడులు చెక్కి, వెండి తీగను ఆ గాడుల్లో సుత్తితో కొట్టి కూర్చుతారు. చివరికి బీదరు కోటలోని పాత మట్టిని నవసాగరంతో కలిపి, వేడి చేసిన పాత్రకు రుద్దుతారు. జింకు కారునలుపుకు తిరుగుతుంది. వెండి మాత్రం తళతళలాడుతూ అలాగే ఉంటుంది. ఏ మట్టి పనికొస్తుందో నాలుకతో రుచి చూసి ఎంచే పెద్దలు ఉన్నారు. ఆ విద్యకు సర్టిఫికెట్టు లేదు కాబట్టి అది విద్య కాదని అనగలమా?

లెక్కలంటే భయపడేవాళ్లు భూదాన్ పోచంపల్లి వెళ్లి రావాలి. అక్కడ రంగులు వేసేది చీరకు కాదు, నూలుకు. నేయకముందే దారాలను చట్రం మీద సాగదీసి, రంగు అంటకూడని చోట రబ్బరు ముక్కలతో బిగించి కట్టి, రంగులో ముంచుతారు. విప్పి, మళ్లీ వేరేచోట కట్టి, మళ్లీ ముంచుతారు. ఎన్ని రంగులుంటే అన్నిసార్లు. ఏ దారం మీద ఏ రంగు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాలో ముందే లెక్క వేసుకోవాలి. చివరికి మగ్గం మీద పడుగూ పేకా కలిసినప్పుడు ఏనుగు ఏనుగులాగా, చిలుక చిలుకలాగా కనబడాలి. ఒక్క దారం జరిగితే చిలుక ముక్కు వంకర పోతుంది. గ్రాఫు కాగితం మీద బిందువులు పెట్టడానికి విసుక్కునే మనం ఈ పనిని తక్కువగా చూడగలమా?

రెండో సంగతి. ఈ పనులు గాలిలో పుట్టలేదు. ఒక్కొక్కటి ఒక నేలకు, ఒక చెట్టుకు, ఒక నీటికి కట్టుబడి ఉంది. బదిలీల మీద తిరిగే మనకు ఇది కొత్తగా అనిపిస్తుంది. మన సామాను లారీ ఎక్కితే చాలు, ఎక్కడైనా బతికేస్తాం. వాళ్ల పని అలా లారీ ఎక్కదు.

కొండపల్లి బొమ్మకు తెల్లపొణికి చెక్కే కావాలి. తేలిగ్గా, మెత్తగా ఉండి ఉలికి లొంగే చెక్క అది. బొమ్మ చేతులు, కాళ్లు, తల విడివిడిగా చెక్కి, చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారు. ఆ చెట్టు దొరకడం కష్టమైతే బొమ్మ చేయడం కష్టమే. ఏటికొప్పాకలో, వరాహ నది ఒడ్డున, లక్కబొమ్మకు అంకుడు చెక్క కావాలి. తిరుగుతున్న చెక్కకు లక్కకడ్డీ ఒత్తిపెడితే, రాపిడి వేడికి లక్క కరిగి చెక్కను పట్టుకుంటుంది. బొమ్మకు వచ్చే ఆ నునుపు, మెరుపు లక్క పెట్టినవే.

ఇప్పుడు ఒక చిత్రం చెబుతాం. అనకాపల్లి జిల్లాలో అంకుడు అని పిలిచే చెట్టునే కన్నడంలో ఆలె మర అంటారు. చన్నపట్న బొమ్మలు ఆ చెక్కతోనే మొదలయ్యాయి. మధ్యప్రదేశ్‌లో బుధ్నీ అనే ఊళ్లో అదే చెట్టును దూధీ అంటారు, కొమ్మ విరిస్తే పాలు కారుతాయి కాబట్టి. అక్కడా లక్కబొమ్మలే. విశాఖపట్నం నుంచి బెంగళూరుకు, అక్కడి నుంచి భోపాల్‌కు బదిలీ అయిన ఇంట్లో మూడుచోట్ల కొన్న మూడు బొమ్మలు ఉంటే, అవి మూడూ ఒకే జాతి చెట్టు బిడ్డలు కావచ్చు. ఒకే ఊళ్లో పుట్టి పెరిగినవాళ్లకు ఈ చుట్టరికం కనబడదు. మూడు ఊళ్లు తిరిగిన మీకు కనబడుతుంది. బదిలీ వల్ల స్నేహితులు పోయారని బాధపడే రోజుల్లో, బదిలీ ఇచ్చే ఈ చూపును కూడా లెక్కలో వేసుకోండి.

ఒక్కోసారి వాళ్లూ కదలవలసి వస్తుంది. గుజరాత్‌లోని కచ్‌లో ధమడ్కా అనే ఊరు అజ్రక్ అచ్చు గుడ్డలకు పేరు పడింది. 2001 జనవరి 26న వచ్చిన భూకంపం ఆ ఊరిని కూల్చింది. ఇళ్లు మళ్లీ కట్టుకోవచ్చు. కాని నీరు మారింది. నీటిలో ఇనుము ఎక్కువై రంగులు చెడిపోసాగాయి. శ్రీకాళహస్తిలో నల్లరంగు ఇచ్చే ఆ ఇనుమే ఇక్కడ మిగతా రంగులకు శత్రువు అయింది. దానితో చాలా కుటుంబాలు మంచినీరు చూసుకుని భుజ్ దగ్గర అజ్రక్‌పూర్ అనే కొత్త ఊరే కట్టుకున్నాయి. మనల్ని ప్రభుత్వం బదిలీ చేస్తుంది. వాళ్లను నీళ్లు బదిలీ చేశాయి. ఊరు పోయినా పని పోనివ్వకూడదని అంత దూరం ఆలోచించిన మనుషులు వాళ్లు. వాళ్లను "అమాయక గ్రామీణ కళాకారులు" అని రాయడం మానేద్దాం.

మూడో సంగతి. "ప్రాచీన కళ" అనే మాట వినగానే మనకు మ్యూజియం గుర్తుకు వస్తుంది. నిజమే, కొన్ని చాలా పాతవి. మొహంజొదారో నాట్యకత్తె బొమ్మను మీరు చరిత్ర పుస్తకంలో చూశారు. సుమారు 4500 ఏళ్ల కిందట, మైనంతో రూపం చేసి, చుట్టూ మట్టి మెత్తి, మైనం కరిగించి, ఆ ఖాళీలో లోహం పోసి దాన్ని చేశారు. ఆదిలాబాద్ ప్రాంతపు వోజులు, బస్తర్ ఘడ్వాలు ఇవాళ కూడా ఆ పద్ధతిలోనే బొమ్మలు పోస్తున్నారు. అచ్చు పగలగొడితే గాని బొమ్మ బయటికి రాదు. అందుకే అచ్చంగా అదే బొమ్మ రెండోసారి రాదు.

కాని పాతది అంటే మారనిది అని కాదు. చింతకింది మల్లేశం గారి సంగతి మీలో కొందరు సినిమాగా చూసి ఉంటారు. చీరకు కావలసిన నూలును ఆసు మీద పోయడానికి ఆయన తల్లి లక్ష్మి గారు రోజంతా చేతిని అటూ ఇటూ వేలసార్లు ఆడించవలసి వచ్చేది. భుజం నొప్పితో ఆమె పడే బాధ చూడలేక, ఆరో తరగతితో చదువు ఆగిపోయిన మల్లేశం గారు ఆ పని చేసే యంత్రం తయారు చేశారు. దానికి అమ్మ పేరే పెట్టారు, లక్ష్మి ఆసు యంత్రమని. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఏటికొప్పాకలో రసాయన రంగులు వాడుకలోకి వచ్చిన కాలంలో సి.వి. రాజు గారు పసుపు, నీలిమందు వంటి సహజమైన రంగులను లక్కకు మళ్లీ పట్టించే పనికి పూనుకున్నారు. పసిపిల్లలు నోట్లో పెట్టుకున్నా భయం లేని బొమ్మలు కావాలన్నది ఆలోచన. 2023లో ఆయనకూ పద్మశ్రీ వచ్చింది. 2025 గణతంత్ర దినోత్సవ కవాతులో ఆంధ్రప్రదేశ్ శకటం మీద ఏటికొప్పాక బొమ్మలే ఊరేగాయి. ఈ ఇద్దరిలో ఒకరు పనిముట్టును మార్చారు, ఒకరు రంగును మార్చారు. చేతిపనిని కాపాడటమంటే దాన్ని అద్దాల వెనక పెట్టి తాళం వేయడం కాదని ఇద్దరూ చేసి చూపించారు.

ఇక డబ్బు సంగతికి వద్దాం. వ్యాసాల్లో చాలామంది దీన్ని దాటేస్తారు. సంతలోనో ఎగ్జిబిషన్‌లోనో బొమ్మ ధర వినగానే మన ఇళ్లలో పెద్దవాళ్లు అలవాటుగా "సగానికి ఇస్తావా?" అంటారు. బేరం ఆడటం సరదా అని కూడా అంటారు. ఒక్కసారి ఇంట్లో కూర్చుని లెక్క వేయండి. కొయ్య ఖరీదు ఎంత, రంగు ఎంత, ఆ బొమ్మకు ఎన్ని రోజులు పట్టింది, దుకాణం వాళ్లకు వాటా ఎంత, ఆ ఊరికి రానూపోనూ చార్జీలు ఎంత? ఇవి తీసేశాక మిగిలింది రోజులతో భాగించండి. అప్పుడు మనం తగ్గించమన్నది దేన్నో అర్థమవుతుంది. అది బొమ్మ ధర కాదు, ఒక మనిషి రోజుకూలి.

మన ఇళ్లలో ఏడాదికి రెండుసార్లు డీఏ గురించి మాట్లాడుకుంటారు. ధరలు పెరిగాయి కాబట్టి జీతం పెరగాలి, న్యాయమే. మరి ఆ ధరలు బొమ్మలు చేసే ఇంట్లో పెరగలేదా? వాళ్లకు డీఏ ఇచ్చేది ఎవరు? కొనేవాళ్లం మనమే. నచ్చని ధర అయితే నమస్కారం పెట్టి వచ్చేయవచ్చు, అందులో తప్పు లేదు. నచ్చిన వస్తువును సగం కూలికి అడగడమే తప్పు.

ఇంకో మాట. "ఇస్తావా" అన్నాం చూశారా, అది కూడా ఆలోచించవలసిందే. ఆఫీసులో అందరినీ మీరు అనే మన పెద్దలు, అరవై ఏళ్ల పనివాడిని సంతలో నువ్వు అంటారు. మీరు అలా అనకండి. ఏ రాష్ట్రంలో ఉంటే అక్కడి మాటతో పిలవండి. మన దగ్గర తాతగారు, అమ్మా, బాబాయి గారు. బెంగాల్లో దాదా, దీదీ. గుజరాత్‌లో భాయ్, బెన్. కర్ణాటకలో అణ్ణా, అక్కా. ఇన్ని భాషల్లో వరసలు కలపడం వచ్చిన పిల్లలు దేశంలో మీ అంతమంది ఇంకెక్కడా ఉండరు.

నకిలీల గురించి కూడా నిజం చెప్పుకోవాలి. మిషన్ మీద అచ్చు వేసిన గుడ్డ కట్టుకోవడం నేరం కాదు. అందరికీ చేతినేత కొనే స్తోమత ఉండదు. కాని దాన్ని పోచంపల్లి అనో కలంకారీ అనో చెప్పి అమ్మడం అబద్ధం. పేరు ఆ ఊరిది, లాభం వేరొకరిది. అందుకే భౌగోళిక సూచిక చట్టం 1999లో వచ్చింది. కొండపల్లి, ఏటికొప్పాక, పోచంపల్లి, శ్రీకాళహస్తి, బిద్రీ అన్నింటికీ ఆ గుర్తింపు ఉంది. కాని చట్టం ఒక్కటే చాలదు, చూసే కన్ను కావాలి. ఈసారి పోచంపల్లి అన్న చీరను తిరగేసి చూడండి. నూలుకే రంగు వేసి నేస్తారు కాబట్టి వెనకవైపు కూడా ముందువైపులాగే ఉంటుంది. పైన అచ్చు వేసిన చీర వెనక వెలిసిపోయినట్టు ఉంటుంది. ఆ చిన్న పరీక్ష మీ అమ్మకు, పక్కింటి పిన్నిగారికి నేర్పితే ఒక నేతగాడికి మీరు చేసిన సాయం తక్కువేమీ కాదు.

ఇక్కడ ఒక గట్టి ప్రశ్న వస్తుంది. తొమ్మిదో తరగతి వాళ్లు తప్పక అడుగుతారు. "సార్, మేమంతా ఇంజినీర్లు, డాక్టర్లు కావాలి. బొమ్మలు చేసేవారి పిల్లలు మాత్రం బొమ్మలే చెయ్యాలా?" అని. ఈ ప్రశ్న న్యాయమైనది. దీనికి జవాబు చెప్పకుండా "కళలను కాపాడుకుందాం" అనడం బాధ్యత తప్పించుకోవడమే. తరతరాలుగా చాలా వృత్తులను మన దేశంలో కులానికి కట్టేశారు. పనిని పొగుడుతూనే పనివారిని దూరం పెట్టారు. కాబట్టి ఆ ఇంటి బిడ్డ "నాకు ఈ పని వద్దు, బ్యాంకు ఉద్యోగం కావాలి" అంటే, వద్దని చెప్పే హక్కు మనకు లేదు. మన బీరువాలో బొమ్మల కోసం ఎవరి బతుకూ ఆగిపోకూడదు.

అయితే చాలామంది ఆ పనిని వదిలేసేది ఇష్టం లేక కాదు, గిట్టక. ఉలి పట్టడం ఇష్టమున్న పిల్లవాడు కూడా, నెల గడవదు కాబట్టి వదిలేస్తున్నాడు. దాన్ని ఎంపిక అనలేం. కూలి గిట్టి, మర్యాద దక్కి, చెక్క దొరికినప్పుడు కూడా ఎవరైనా వద్దంటే అది ఎంపిక. అలాగే ఆ ఇంట్లో పుట్టనివారికి కూడా నేర్చుకునే దారి ఉండాలి. స్వాతంత్ర్యం వచ్చాక కమలాదేవి చట్టోపాధ్యాయ గారు దేశమంతా తిరిగి ఇందుకోసమే పాటుపడ్డారు. 1952లో ఏర్పడిన అఖిల భారత హస్తకళల బోర్డుకు ఆమె నాయకత్వం వహించారు. ఆమె ప్రోత్సాహంతోనే శ్రీకాళహస్తిలో కలంకారీ నేర్పే కేంద్రం వచ్చింది. ఇవాళ అక్కడ ఎందరో మహిళలు కలం పట్టుకున్నారు. 2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలో వడ్రంగి, కుమ్మరి, కమ్మరి, బొమ్మలు చేసేవారు సహా 18 వృత్తులవారికి శిక్షణ, పనిముట్లకు సాయం, తక్కువ వడ్డీకి అప్పు ఇస్తామన్నారు. ఇలాంటివి ఇంకా రావాలి. వాటితోపాటు కొనేవాడి మనసు కూడా మారాలి. పథకం ఉలి కొనిస్తుంది, గౌరవం కొనివ్వలేదు.

మరి బడి ఏం చేయాలి? మనమంతా చూస్తూనే ఉన్నాం. హస్తకళల ప్రాజెక్టు అంటే ముందురోజు సాయంత్రం స్టేషనరీ దుకాణానికి పరుగు. థర్మోకోల్, రంగు కాగితాలు, గ్లూగన్. ఇంటర్నెట్టులో దొరికిన నాలుగు బొమ్మలు అతికిస్తే మార్కులు. ఆ థర్మోకోల్ మర్నాటికి చెత్తబుట్టలో ఉంటుంది. చేతివృత్తుల గురించిన ప్రాజెక్టులో చేతివృత్తివారు ఒక్కరూ లేకపోవడం ఎంత విచిత్రం! 2020 జాతీయ విద్యావిధానం 6 నుంచి 8 తరగతుల పిల్లలకు పది రోజులు పుస్తకాల సంచి లేని రోజులు ఉండాలని చెప్పింది. ఆ రోజుల్లో స్థానిక వడ్రంగులు, తోటమాలులు, కుమ్మరులు, కళాకారుల దగ్గర పని నేర్చుకోవాలని కూడా చెప్పింది. ఆ పది రోజులను ఆటల పోటీలకూ వీడియోలకూ ఖర్చు పెట్టకుండా, ఉన్న ఊళ్లో ఒక పనివారి ముంగిట గడపాలని మేము ఉపాధ్యాయులం పట్టుబట్టాలి. వాళ్లను బడికి పిలిచినప్పుడు శాలువా కప్పి ఫోటో తీసి పంపేయకూడదు. వచ్చే ఉపన్యాసకులకు ఎలా ఇస్తామో అలాగే వాళ్లకూ గౌరవవేతనం ఇవ్వాలి.

తెలుగు చెప్పేవాళ్లుగా మాకు ఇంకో దిగులు ఉంది. పని పోతే మాట కూడా పోతుంది. "అచ్చు గుద్దినట్టు నాన్నలాగే ఉన్నాడు" అంటాం. ఆ అచ్చు పెడనలో గుడ్డ మీద రంగు అద్దే చెక్క దిమ్మె లాంటిది. "పడుగుపేకల్లా కలిసిపోయారు" అంటాం. మగ్గం చూడనివారికి పడుగు నిలువో అడ్డమో తెలియదు. "కుమ్మరికి ఒక ఏడు, గుదియకు ఒక పెట్టు" అనే సామెత చెబితే, గుదియ అంటే ఏమిటని అడుగుతారు. ఏడాది కష్టం ఒక్క కర్రదెబ్బకు పోతుందని చెప్పాలి. ఉలి, బాడిస, చిత్రిక, కొలిమి, తిత్తి, సారె, నాడె, కదురు. ఇవి నిఘంటువులో వెతకవలసిన మాటలు కావు, చేతుల్లో ఉండవలసిన మాటలు. ఢిల్లీలోనో గౌహతిలోనో వారానికి రెండు పీరియడ్లు తెలుగు చదివే మీకు ఈ మాటలు పుస్తకం నుంచి కాక మనుషుల నుంచి అందాలని మా కోరిక.

అందుకని ఈ పత్రిక చదివే ప్రతి ఒక్కరికీ ఒక పని చెబుతున్నాం. మార్కులు లేవు, ఆఖరు తేదీ లేదు. ఒక నోటుపుస్తకం పెట్టుకోండి. ఎక్కడికి బదిలీ అయినా అక్కడికి దగ్గరలో చేతితో పని చేసే ఒకరిని వెతకండి. పేరున్న కళే కానక్కరలేదు. బుట్టలు అల్లేవారు, చాపలు నేసేవారు, కొలిమి దగ్గర కొడవళ్లు చేసేవారు ఎవరైనా సరే. ఒప్పుకుంటే వాళ్ల పేరు రాసుకోండి. ఎవరి దగ్గర నేర్చుకున్నారో, వాడే వస్తువు ఎక్కడి నుంచి వస్తుందో, పనిముట్లను ఆ భాషలో ఏమంటారో, ఒక వస్తువుకు ఎన్ని రోజులు పడుతుందో అడగండి. పనిలో ఉన్నప్పుడు అడ్డం వెళ్లకండి, కాసేపు ఊరికే చూడండి. అనుమతి లేకుండా ఫోన్ ఎత్తకండి. కొంటే అడిగిన ధర ఇవ్వండి. ఇంటికి వచ్చాక ఒక చిన్న కాగితం మీద వాళ్ల పేరు, ఊరు, నెల, సంవత్సరం రాసి ఆ వస్తువు అడుగున అతికించండి.

పన్నెండో తరగతి అయ్యేసరికి మీలో కొందరు అయిదారు ఊళ్లు మారి ఉంటారు. అప్పటికి మీ పుస్తకంలో అయిదారుగురి పేర్లు, అయిదారు భాషల్లో వాళ్ల పనిముట్ల పేర్లు ఉంటాయి. రేపు మీరు ఏ కుర్చీలో కూర్చుంటారో మాకు తెలియదు. మీలో ఒకరు అడవుల శాఖలో ఉండి తెల్లపొణికి మొక్కలు నాటించవచ్చు. ఒకరు బ్యాంకులో ఉండి మగ్గానికి అప్పు మంజూరు చేయవచ్చు. ఒకరు మల్లేశం గారిలా పనిముట్టు కనిపెట్టవచ్చు. ఒకరు ఉలి పట్టవచ్చు కూడా. ఆ రోజున మీ ఎదుట ఉన్న కాగితం మీద "లబ్ధిదారుడు" అన్న మాట కనబడితే, దాని వెనక ఒక పేరు, ఒక ముఖం, ఒక మనిషి రోజుకూలి మీకు గుర్తుకు రావాలి. ఈ సెలవుల్లో ఆ పుస్తకంలో మొదటి పేరు రాయండి.